మూడుసార్లు చదివినా మర్నాటికి ఏమీ గుర్తుండటం లేదా? యూనివర్సిటీ చదువులో పుస్తకం చదివే తీరు గురించి

మీరు అడిగింది ఇదీ. మొదటి సెమిస్టర్‌లో వారానికి 200 పేజీల దాకా చదవమంటున్నారు. 60 పేజీల చాప్టర్‌ని మూడుసార్లు చదివినా మర్నాడు ఎవరైనా అడిగితే నోట మాట రావడం లేదు. స్కూలు చదువంతా తెలుగులో సాగింది, ఇప్పుడు పుస్తకాలన్నీ ఇంగ్లీషులో. సోమవారం క్లాసులోపు ఒక చాప్టరు, రెండు పరిశోధన వ్యాసాలు పూర్తి చేయాలి. స్పీడ్ రీడింగ్ కోర్సులో చేరితే బాగుపడతానా అని అడిగారు. మొదటి ఏడాది విద్యార్థులకు చాలా ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను కాబట్టి నాకు తెలిసింది వివరంగా రాస్తున్నాను.

ముందు స్పీడ్ రీడింగ్ సంగతి తేల్చేద్దాం. చేరకండి. ఇంగ్లీషు మాతృభాష అయిన పెద్దవాళ్ళు కథలు కాని మామూలు వచనాన్ని మనసులో చదువుకునే సగటు వేగం నిమిషానికి 238 పదాలు. మార్క్ బ్రిస్‌బార్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 190 అధ్యయనాలను కలిపి చూసి 2019లో తేల్చిన లెక్క ఇది. మన కన్ను వరస మీద జారిపోదు, గెంతుకుంటూ వెళ్తుంది. ఆగిన ప్రతిచోటా దాదాపు పావు సెకను ఉంటుంది. అలా ఆగినప్పుడు స్పష్టంగా కనబడేది కొద్ది అక్షరాలే. బాగా చదవగలిగినవాళ్ళ కళ్ళు కూడా నూటికి పది పదిహేను గెంతులు వెనక్కే వేస్తాయి. అర్థం కుదరనిచోట మళ్ళీ చూసుకోవడం అది, బలహీనత కాదు. స్పీడ్ రీడింగ్ కోర్సులు మాన్పించాలని చూసేది సరిగ్గా దాన్నే. కీత్ రేనర్, ఆయన సహచరులు 2016లో ఈ విషయం మీద వచ్చిన పరిశోధనంతా సమీక్షించారు. వేగం బాగా పెంచితే అర్థం తగ్గక తప్పదని తేల్చారు. వేగం నిజంగా పెరగాలంటే భాషతో, విషయంతో పరిచయం పెరగాలి, వేరే దారి లేదు.

అదే లెక్కతో మీ చాప్టర్‌ని చూద్దాం. పేజీకి 400 పదాలు వేసుకుంటే 60 పేజీలకి 24,000 పదాలు. ఆ సగటు వేగంతో ఆగకుండా చదివితే గంటా నలభై నిమిషాలు. మీకు ఆ భాష కొత్త, విషయమూ కొత్త. సగం వేగంతో నడిచినా మూడు గంటల ఇరవై నిమిషాలు. మూడుసార్లు చదివారంటే పది గంటలు పెట్టారన్నమాట. అన్ని గంటలు కూర్చున్న మనిషికి శ్రద్ధ లేదని ఎవరూ అనలేరు. మీ కష్టంలో లోపం లేదు. ఆ పది గంటల్లో పుస్తకం మూసి ఉన్న సమయం ఒక్క నిమిషమైనా లేకపోవడమే లోపం.

దీని గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను పీజీలో చేరిన కొత్తలో ఒక పుస్తకాన్ని మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా చదివాను, ప్రతి పేజీలో గీతలు గీశాను. సెమినార్‌లో మాస్టారు ఒకే ఒక్క ప్రశ్న వేశారు: "ఈ రచయిత ఎవరితో విభేదిస్తున్నాడు?" నాకు సమాధానం తెలియలేదు. అసలు అలాంటి ప్రశ్న ఒకటి ఉంటుందనే నాకు తట్టలేదు. పుస్తకంలో ఏముందో అడుగుతారనుకున్నాను గానీ, ఆ పుస్తకం ఎందుకు రాయాల్సి వచ్చిందో అడుగుతారనుకోలేదు. స్కూల్లో పాఠం అంటే గుర్తుపెట్టుకోవాల్సిన విషయాల మూట. యూనివర్సిటీలో మన చేతికి వచ్చే పాఠం చాలాసార్లు ఒక వాదన. ఎవరో ఒకరు ఇంకెవరినో ఒప్పించడానికి రాసింది. ఈ తేడా పట్టుకోకుండా పాత పద్ధతిలోనే చదివితే ఎంతసేపు కూర్చున్నా చేతికి ఏమీ తగలదు.

ఇప్పుడు ఒక చిన్న పేరా ఇస్తాను, చదవండి.

"ముందు వెలుతురు వైపు తిరగాలి. చివరను కాస్త తడిపితే పని తేలికవుతుంది. మొదటిసారి కుదరకపోతే కొద్దిగా కత్తిరించి మళ్ళీ ప్రయత్నించండి. వయసు పెరిగేకొద్దీ పక్కవాళ్ళ సాయం కావాల్సి వస్తుంది. ఒకసారి అవతలికి దాటాక రెండు వైపులా సమానంగా లాక్కోవచ్చు, లేదా ఒక వైపు పొడవుగా వదిలేయవచ్చు. చివర్లో బిగించడం మరచిపోతే మొత్తం మళ్ళీ మొదటికి వస్తుంది."

ఇందులో తెలియని మాట ఒక్కటీ లేదు. అయినా బుర్రకి ఏమీ ఎక్కదు. దీనికి "సూదిలో దారం ఎక్కించడం" అని పేరు పెట్టి మళ్ళీ చదవండి. ప్రతి వాక్యం దాని చోట అది కూర్చుంటుంది. జాన్ బ్రాన్స్‌ఫర్డ్, మార్సియా జాన్సన్ 1972లో చేసిన ప్రయోగం ఇలాంటిదే. బట్టలు ఉతకడం గురించిన ఒక పేరాని, విషయం ఏమిటో చెప్పకుండా రాసి వినిపించారు. కొందరికి ముందే విషయం చెప్పారు, కొందరికి విన్నాక చెప్పారు, కొందరికి అసలు చెప్పలేదు. అందులో ఉన్న 18 అంశాల్లో, ముందే తెలిసినవాళ్ళు సగటున దాదాపు 6 చెప్పగలిగారు. మిగతా రెండు గుంపులూ 3 దాటలేదు. విన్న తర్వాత విషయం చెప్పించుకున్నవాళ్ళకి ఒరిగిందేమీ లేదు, అసలు చెప్పనివాళ్ళతో సమానంగానే మిగిలిపోయారు. నాకు ఇందులో ముఖ్యంగా తోచేది ఇదే. చదివేటప్పుడు విషయాలు సర్దుకోవడానికి ఒక గూడు ముందే ఉండాలి. చదివేశాక కట్టుకునే గూడు పనికిరాదు.

అందుకని చాప్టర్ మొదటి వాక్యంతో మొదలుపెట్టకండి. తెరిచిన వెంటనే ఓ పదిహేను నిమిషాలు చదవకుండా తిరగేయండి. పేరు, ఉపశీర్షికలు, మొదటి పేజీ, చివర ఇచ్చిన సారాంశం, బొమ్మల కింద వాక్యాలు, చివరి ప్రశ్నలు చూడండి. చివరి ప్రశ్నలు ముందు చూడటం మోసమేమీ కాదు. రచయిత ఏది ముఖ్యమనుకున్నాడో ఆయనే చెబుతున్న చోటు అది. తర్వాత ప్రతి ఉపశీర్షికనూ ప్రశ్నగా మార్చి ఒక కాగితం మీద రాసుకోండి. "ద్రవ్యోల్బణానికి కారణాలు" అని ఉంటే "కారణాలు ఎన్ని చెబుతాడు? ఏది పెద్దదంటాడు?" అని. ఈ పద్ధతిని ఫ్రాన్సిస్ రాబిన్సన్ అనే అధ్యాపకుడు 1940లలోనే ఎస్‌క్యూ3ఆర్ అన్న పేరుతో నేర్పారు. తిరగేయడం, ప్రశ్నించుకోవడం, చదవడం, అప్పజెప్పుకోవడం, మళ్ళీ చూసుకోవడం, ఇవీ అందులోని అయిదు మెట్లు. చాలామంది విద్యార్థులు మొదటి మూడు చేసి నాలుగోదాన్ని వదిలేస్తారు. ఫలితమంతా ఆ నాలుగో మెట్టులో ఉంది. దానికి తర్వాత వస్తాను.

ఇక అసలు చదవడం. ఒక పాఠ్యపుస్తకంలో ఇలాంటి పేరా వచ్చిందనుకోండి:

"కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు తగ్గుతాయని మామూలు సరఫరా-గిరాకీ నమూనా చెబుతుంది. శ్రమ ధర పెరిగితే యజమానులు తక్కువమందిని పనిలోకి తీసుకుంటారన్నది ఆ వాదన. అయితే ఒక ప్రాంతంలో పని ఇచ్చే యజమానులు కొద్దిమందే ఉన్నప్పుడు ఈ ఫలితం రాకపోవచ్చు. అక్కడ వేతనం మొదటినుంచీ పోటీ మార్కెట్‌లో ఉండాల్సినదానికన్నా తక్కువగా ఉంటుంది కాబట్టి, కొంతమేరకు పెంచినా ఉద్యోగాలు తగ్గకపోవచ్చు, పెరగనూ వచ్చు."

ఈ పేరాని చేతికిస్తే విద్యార్థుల్లో ఎక్కువమంది మొదటి వాక్యం కింద గీత గీస్తారు. అది స్పష్టంగా, నిర్వచనంలా ఉంటుంది కదా. కానీ రచయిత చెప్పదలచుకున్నది అది కాదు, దాన్ని దాటి వెళ్ళడానికి దాన్ని ఎత్తుకున్నాడు. పేరా మలుపు "అయితే" దగ్గర ఉంది. పరీక్షలో మొదటి వాక్యాన్ని రచయిత అభిప్రాయంగా రాస్తే అర్థం తలకిందులవుతుంది. ఇంగ్లీషు పుస్తకంలో ఈ పని "హౌఎవర్", "బట్", "యెట్" లాంటి మాటలు చేస్తాయి. వాక్యం "ఆల్దో"తో మొదలైందంటే దాని మొదటి సగం ఒప్పుకోలు, రెండో సగం అసలు మాట. ఇవి కనబడ్డ చోటల్లా పెన్సిల్‌తో చిన్న గుండ్రం చుట్టండి. వారం రోజులు చేస్తే కళ్ళు వాటికవే పట్టుకుంటాయి.

గీతలకు బదులు మార్జిన్‌లో రెండు ముక్కలు రాయండి. ఒకటి, పేరా ఏం చెబుతోంది: "యజమానులు తక్కువైతే మామూలు నమూనా పనిచేయదు." రెండు, పేరా ఏం పని చేస్తోంది: "మినహాయింపు." ఆపైన "కొంతమేరకు" అన్న మాట దగ్గర ఆగండి. ఎంత వరకు? ఆ హద్దు దాటితే ఏమవుతుంది? ఆ ప్రశ్న కూడా మార్జిన్‌లో పెట్టుకుంటే తర్వాతి రెండు పేజీలు దాని జవాబు వెతుక్కుంటూ చదువుతారు. ఇలా చదివేటప్పుడు నిద్ర రాదు. రంగు పెన్నుతో పేజీ అంతా పసుపు చేసేవాళ్ళని చూస్తే నాకు బాధగా ఉంటుంది. అంత శ్రమా కళ్ళకీ చేతికీ పోతోంది, బుర్ర దాకా చేరడం లేదు. జాన్ డన్‌లోస్కీ, ఆయన సహచరులు 2013లో పది చదువు పద్ధతులను బేరీజు వేశారు. గీతలు గీయడం, మళ్ళీ మళ్ళీ చదవడం, రెండిటికీ తక్కువ ప్రయోజనమనే ముద్ర వేశారు. అన్నిటికన్నా పైన నిలిచినవి రెండే: తనను తాను పరీక్షించుకోవడం, చదువును రోజుల మీద పరచుకోవడం.

ఇక్కడే నాలుగో మెట్టు వస్తుంది. ఒక విభాగం, అంటే అయిదారు పేజీలు, అయ్యాక పుస్తకం మూసేయండి. తెల్ల కాగితం తీసుకుని గుర్తున్నదంతా మీ మాటల్లో రాయండి. తెలుగులో రాసినా ఫర్వాలేదు. నిజానికి తెలుగులో రాయగలిగితే అర్థమైందన్నమాటే. ఇంగ్లీషు వాక్యాన్ని ఇంగ్లీషులోనే అప్పజెప్పడం అర్థం కాకుండా కూడా చేయవచ్చు. రాయడం ఆగిపోయాక పుస్తకం తెరిచి, వదిలేసినవాటినీ తప్పు రాసినవాటినీ వేరే రంగు ఇంకుతో చేర్చండి. ఆ రంగులో ఉన్నదే మీరు మళ్ళీ చదవాల్సింది. మిగతాది మీకు వచ్చేసింది.

మొదటి పదిసార్లు ఇది దుర్భరంగా ఉంటుంది. అయిదు పేజీలు చదివి మూడు వాక్యాలకు మించి రాయలేరు. "నాకు చదువు రాదు" అనిపిస్తుంది. ఆ భావనే మనుషుల్ని మళ్ళీ పుస్తకం తెరిచి చదవడం వైపు తోస్తుంది, ఎందుకంటే తెరిచి చదివితే అంతా తెలిసినట్టే ఉంటుంది. దీన్ని హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె 2006లో లెక్కలతో చూపించారు. ఒక గుంపు ఒక వచనాన్ని నాలుగు విడతలూ చదివింది. ఇంకో గుంపు ఒక విడత చదివి, మూడు విడతలు చూడకుండా గుర్తున్నది రాసింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్ళకి 83 శాతం, రాసినవాళ్ళకి 71 శాతం గుర్తుంది. వారం తర్వాత చదివినవాళ్ళు 40 శాతానికి పడిపోయారు, రాసినవాళ్ళు 61 శాతం దగ్గర నిలబడ్డారు. వారం తర్వాత మాకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పింది మాత్రం నాలుగుసార్లూ చదివిన గుంపే. "మూడుసార్లు చదివాను, అప్పుడు అంతా తెలిసినట్టే అనిపించింది" అని మీరు రాసిన వాక్యం చూడగానే నాకు ఈ ప్రయోగమే గుర్తుకొచ్చింది. చదువుతుండగా కలిగే తెలిసిన భావన మీకు అబద్ధం చెబుతోంది. దాన్ని నమ్మకండి, తెల్ల కాగితాన్ని నమ్మండి.

మర్నాడు అయిదు నిమిషాలు, వారం తర్వాత పది నిమిషాలు, చూడకుండా అదే పని మళ్ళీ చేయండి. పరీక్ష ముందు రాత్రుళ్ళు మేలుకోవాల్సిన అవసరం చాలామటుకు తగ్గుతుంది.

భాష సంగతి. ఇది మీకు నిజంగా ఉన్న అడ్డంకి, దాన్ని చిన్నచేసి మాట్లాడను. పక్క సాయం లేకుండా ఒక వచనం బాగా అర్థం కావాలంటే అందులో నూటికి 98 పదాలు తెలిసి ఉండాలని మార్సెల్లా హూ, పాల్ నేషన్ 2000లో చేసిన అధ్యయనం చెబుతుంది. అంటే యాభై పదాలకి ఒక్కటి మాత్రమే తెలియనిది ఉండాలి. మీ చాప్టర్‌లో ఒక పేరా తీసుకుని తెలియని పదాలు లెక్కపెట్టండి. యాభైకి నాలుగైదు ఉంటే మీకు కష్టంగా ఉండటం సహజమే, తెలివితేటల ప్రశ్న అక్కడ రానే రాదు. ఇందులో ఒక మంచి వార్త కూడా ఉంది. అదే ఏడాది ఎవెరిల్ కాక్స్‌హెడ్ ఏ శాస్త్రంలోనైనా తరచూ కనబడే పదాలను ఏరి 570 పద కుటుంబాల జాబితా తయారుచేశారు. ఆమె పరిశీలించిన విద్యా గ్రంథాల్లో పదింట ఒక వంతు పదాలు ఆ జాబితాలోవే. "అనలైజ్", "డిరైవ్", "ఇంప్లై", "కాన్‌సీక్వెంట్" లాంటివి. రోజుకి అయిదు చొప్పున నేర్చుకున్నా నాలుగు నెలల్లో అయిపోతాయి. ఇక మీ సబ్జెక్టు పరిభాషకి పుస్తకం వెనక పదకోశం ఉంటుంది. చదువుతుండగా తెలియని ప్రతి మాటకీ ఆగకండి, చుక్క పెట్టి ముందుకెళ్ళండి. మూడోసారి కనబడిన మాటని మాత్రం తప్పకుండా చూడండి.

పదాలకన్నా వాక్యం ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది, అది వచ్చేదాకా ఓపిక పట్టడం మనకి అలవాటు. ఇంగ్లీషులో అది ముందే వచ్చేస్తుంది, ఆపైన తోకలు వేలాడుతూ ఉంటాయి. మనం అలవాటు కొద్దీ చివరి మాట దగ్గర అసలు విషయం ఉందనుకుని తోక పట్టుకుంటాం. పొడుగాటి వాక్యం వస్తే ముందు రెండే వెతకండి: ఎవరు, ఏం చేశారు. ఆ రెండూ దొరికితే మిగతాదంతా ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అన్నవాటికి జవాబులు. ఇంకో చిక్కు, విద్యా రచనల్లో పనుల్ని నామవాచకాలుగా మార్చేసి రాస్తారు. "ధరల పెరుగుదల వినియోగపు తగ్గుదలకు దారితీసింది" లాంటి వాక్యాలు. మనుషులు కనబడరు. మీరు దాన్ని విప్పుకోండి: "ధరలు పెరిగాయి, జనం కొనడం తగ్గించారు." ఇలా విప్పుతూ పోతే చాలా భయంకరమైన వాక్యాల లోపల చిన్న మాటే ఉంటుంది. మొదటి నెల రోజుకి ఒక పేరా చొప్పున ఈ సాధన చేసిన విద్యార్థులు సంవత్సరం చివరికి ఎంత మారారో నేను కళ్ళారా చూశాను.

పరిశోధన వ్యాసాలను మాత్రం చాప్టర్‌లా చదవకండి. వాటిని వరసగా చదవాలన్న నియమం లేదు. శ్రీనివాసన్ కేశవ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 2007లో మూడు విడతల పద్ధతి రాశారు, అది అన్ని సబ్జెక్టులకీ పనికొస్తుంది. మొదటి విడత అయిదు పది నిమిషాలు: పేరు, సంగ్రహం, ఉపోద్ఘాతం, ఉపశీర్షికలు, ముగింపు. చాలా వ్యాసాలు అక్కడితో ఆపేయవచ్చు. రెండో విడత గంట దాకా: బొమ్మలు, పట్టికలు శ్రద్ధగా చూస్తూ, నిరూపణల వివరాలు వదిలేసి చదవడం. మూడోది, వ్యాసాన్ని మళ్ళీ మీరే కట్టినట్టుగా ప్రతి అడుగూ పరీక్షించడం. కొత్తవాళ్ళకి దానికి నాలుగైదు గంటలు పడుతుందని ఆయనే అన్నారు. క్లాసుకి ఇచ్చిన వ్యాసానికి మామూలుగా రెండు విడతలు చాలు. ప్రతి వ్యాసానికీ మూడు వాక్యాలు రాసుకోండి: ఏ ప్రశ్న వేశారు, ఎలా వెతికారు, ఏం దొరికింది. నాలుగోది కూడా రాయగలిగితే ఇంకా మంచిది: ఈ ఆధారంతో ఆ మాట అనవచ్చా? నన్ను సెమినార్‌లో మాస్టారు అడిగిన ప్రశ్నకి దారి అదే.

గణితం, భౌతికశాస్త్రం చదివేవాళ్ళకి ఒక్క మాట. అక్కడ పెన్సిల్ లేకుండా చదవడం చదవడమే కాదు. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి ఎలా వెళ్ళారో మీరు కాగితం మీద చేయాలి. గంటకి రెండు పేజీలు నడిస్తే అది మంచి వేగమే.

కష్టమైన చాప్టర్‌ని వీలుంటే కాగితం మీదే చదవండి. 2000 నుంచి 2017 దాకా వచ్చిన 54 అధ్యయనాలను, 1,70,000 మందికి పైగా పాల్గొన్నవాటిని, 2018లో కలిపి చూస్తే సమాచారంతో నిండిన వచనం కాగితం మీద మెరుగ్గా అర్థమవుతోందని తేలింది, ముఖ్యంగా సమయం పరిమితంగా ఉన్నప్పుడు. కథల విషయంలో తేడా కనబడలేదు. ఫోన్ తప్ప దారి లేకపోతే కనీసం ఆ తెల్ల కాగితం పక్కన ఉంచుకోండి.

ఇక మీ సోమవారం. శుక్రవారం సాయంత్రం చాప్టర్‌ని పదిహేను నిమిషాలు తిరగేసి ప్రశ్నలు రాసుకోండి, రెండు వ్యాసాలకీ మొదటి విడత పూర్తి చేయండి. మొత్తం ముప్పై అయిదు నిమిషాల పని. శనివారం చాప్టర్‌ని ఆరేడు పేజీల ముక్కలుగా చేసుకుని పొద్దున సగం, సాయంత్రం సగం చదవండి, ప్రతి ముక్క తర్వాత పుస్తకం మూసి రాయండి. నాలుగైదు గంటలు పడుతుంది, మీరు ఇదివరకు పెట్టిన పదిలో సగం. అన్నీ పూర్తికావని అనిపిస్తే చివరి ప్రశ్నలతో సంబంధం లేని విభాగాన్ని ధైర్యంగా వదిలేయండి. ఏది వదలాలో నిర్ణయించుకోవడం కూడా ఇక్కడ నేర్చుకోవాల్సిన పనే. ఆదివారం వ్యాసాలకి రెండో విడత, శనివారం రంగు ఇంకుతో రాసినవి ఒకసారి. సోమవారం పొద్దున చాప్టర్ మొత్తాన్నీ చూడకుండా ఒక పేజీలో రాయండి. ఎంత ప్రయత్నించినా రాయలేకపోయిన చోట్లు ఒకటో రెండో మిగులుతాయి. క్లాసులో చెయ్యెత్తి అవే అడగండి.